పంచేవాడి చేతిలోని త్రాసు

మొదటి ఖుత్బా

సమస్త స్తుతీ అల్లాహ్‌కే చెందుతుంది. మనల్ని పుట్టించి, మన శక్తి ఎంతో మనకన్నా బాగా ఎరిగి, ఆ శక్తికి మించిన బాధ్యతను మనపై మోపని కరుణామయుడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైనా, వారి కుటుంబీకుల పైనా, సహచరుల పైనా శాంతి శుభాలు కురియుగాక.

ధార్మిక సోదరులారా! ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు, అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని ఉపదేశిస్తున్నాము. నలుగురూ చూస్తున్నచోట భయభక్తులు ప్రదర్శించడం కష్టం కాదు. ఎవరూ చూడని చోట, ఎవరూ లెక్క అడగని చోట, మన చేతిలో ఉన్న చిన్న అధికారాన్ని ఎలా వాడుతున్నామన్నదే అసలైన పరీక్ష. ఈ రోజు మన ప్రసంగం అటువంటి ఒక చిన్న అధికారాన్ని గురించి.

మన వరంగల్ వాసులకు కాంటా అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలో, మిర్చి బస్తాలో తెచ్చిన రైతు చూపు కాంటా ముల్లు మీదనే ఉంటుంది. ఏడాది కష్టమంతా ఆ ముల్లు ఎక్కడ ఆగుతుందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. కాంటా పట్టినవాడు వేలితో కాస్త నొక్కితే చాలు, రైతు నష్టపోతాడు. ఇటువంటివారిని హెచ్చరించడానికే దివ్య ఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ అనే పేరుతో 83వ సూరా ఉన్నది. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని ఆ సూరా మొదటి వాక్యాలలోనే ప్రకటిస్తుంది. షుఐబ్ (అలై) ప్రవక్తను మద్‌యన్ జాతివారి వద్దకు పంపినప్పుడు, ఏకదైవారాధన తరువాత ఆయన వారికి చేసిన ముఖ్యమైన బోధ కొలతలు, తూనికలు సరిగా ఉంచమనే. అర్రహ్మాన్ సూరాలో ఆకాశాన్ని ఎత్తుగా నిలపడాన్నీ త్రాసును నెలకొల్పడాన్నీ అల్లాహ్ ఒకేచోట ప్రస్తావించాడు.

సోదరులారా! త్రాసు అనగానే మనకు ధాన్యం, బంగారం, కూరగాయలు గుర్తుకు వస్తాయి. కంటికి కనబడని త్రాసు కూడా ఒకటి ఉన్నది. పదిమందికి పని పంచే ప్రతి మనిషి చేతిలోనూ అది ఉంటుంది. ఇల్లు కట్టే చోట మేస్త్రి చేతిలో ఉంటుంది. బడిలో ప్రధానోపాధ్యాయుని చేతిలో ఉంటుంది. ఇంట్లో కోడళ్లకు పనులు చెప్పే అత్తగారి చేతిలో ఉంటుంది. ఈ త్రాసుకు ముల్లు లేదు, సర్కారు ముద్ర లేదు, తనిఖీ చేసే అధికారి లేడు. అందువల్ల దీనితో మోసం చేయడం మరింత సులభం, దీని లెక్క మరింత కఠినం.

కొన్ని వారాల క్రితం ఇషా నమాజు తరువాత ముగ్గురు యువకులు మా వద్దకు వచ్చారు. ముగ్గురూ ఆన్‌లైన్ కొనుగోళ్ల పార్శిళ్లు ఇంటింటికీ చేరవేసే పనిలో ఉన్నవారే. వారు చెప్పినది వారి అనుమతితోనే మీ ముందు ఉంచుతున్నాము. పేర్లు చెప్పబోము. ఎవరై ఉంటారా అని వరుసల్లో వెతకవద్దని కోరుతున్నాము. అటువంటి కుతూహలం పరోక్షనిందకు దారి తీస్తుంది.

వారి పని ఇలా సాగుతుంది. తెల్లవారుజామున హైదరాబాద్ నుంచి లారీ వస్తుంది. హబ్‌లో పార్శిళ్లు దించి, స్కాన్ చేసి, ప్రాంతాలవారీగా విడదీస్తారు. ఆ తరువాత ఇన్‌ఛార్జ్ ఒక్కొక్కరికీ రన్‌షీట్ ఇస్తాడు. ఆ రోజు ఎవరు ఏయే ఇళ్లకు వెళ్లాలో తెలిపే జాబితా అది. ఇంటికి చేరిన పార్శిల్‌కే డబ్బు. తలుపు తాళం వేసి ఉండి తిరిగి తెచ్చిన దానికి ఏమీ రాదు. బండి తనది, పెట్రోలు తనది, టైరు అరిగితే ఆ ఖర్చూ తనదే.

ఆ యువకులలో ఒకడు మాతో అన్నాడు: “హజ్రత్, అందరికీ డెబ్బై డెబ్బై ఇస్తారు. కాగితం మీద చూస్తే ఇన్సాఫే. కానీ ఒకరి డెబ్బై నక్కలగుట్ట అపార్ట్‌మెంట్లలో ఉంటాయి. ఒక్క గేటు దగ్గర బండి ఆపితే పది పార్శిళ్లు అయిపోతాయి, పైకి పోవడానికి లిఫ్టు ఉంటుంది. నా డెబ్బై ధర్మసాగర్ దాటి వేలేరు దాకా ఉంటాయి. ఒక్కో ఊళ్లో రెండు, మూడు. పొద్దున పోతే రాత్రికి ఇల్లు. ఎనభై, తొంభై కిలోమీటర్లు తిరిగితే సగం డబ్బు పెట్రోలుకే పోతుంది. ఏడు నెలలుగా ఆ రూటు నాకే. ఎందుకని అడిగితే మర్నాడు బియ్యం బస్తాలు, కూలర్లు కూడా నా షీటులోనే పడతాయి.”

రెండవవాడు మరొక మాట చెప్పాడు. అతడు చురుకైనవాడు, ఇచ్చిన పని మధ్యాహ్నం మూడింటికల్లా ముగిస్తాడు. అందుకు ప్రతిఫలంగా ఇతరులు వదిలేసినవి తెచ్చి అతని సంచిలో వేస్తారు. తొందరగా పని చేసినందుకు తనకు దక్కేది విశ్రాంతి కాదనీ, మరొకరి పని అనీ తెలిసిన తరువాత అతడు కావాలనే ఆలస్యం చేయడం మొదలుపెట్టాడట. అన్యాయమైన పంపకం మనిషి ఒంటిని అలసటకు గురి చేయడంతో ఆగదు. అతని నిజాయితీని కూడా కొరికి తింటుందని ఆ రోజు మాకు అర్థమైంది.

మూడవవాడు ఏమీ మాట్లాడలేదు. అతని కుడిచేయి మెడ నుంచి పట్టీలో వేలాడుతున్నది. వర్షం పడిన ఒక రాత్రి, ఎనిమిది గంటలు దాటిన తరువాత, చీకటి రోడ్డు మీద బండి జారి భుజం ఎముక విరిగింది. అప్పటికి అతని రన్‌షీట్‌లో ఇంకా 19 పార్శిళ్లు మిగిలి ఉన్నాయి. నెల రోజులుగా సంపాదన లేదు. అతనిపై ఆధారపడిన తల్లి, ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు.

సోదరులారా! ఇది ఒక ఊరి గోడు మాత్రమే కాదు. ఇటువంటి గిగ్ పనులు చేసేవారు 2020-21లో మన దేశంలో 77 లక్షలమంది ఉన్నారనీ, 2029-30 నాటికి వారి సంఖ్య 2.35 కోట్లకు చేరవచ్చుననీ నీతి ఆయోగ్ 2022లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్ పనివారు అనే మాటను తొలిసారిగా చట్టంలోకి తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో వారికి 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. ఇవన్నీ అవసరమైనవే. అయితే నక్కలగుట్ట ఎవరికి, వేలేరు ఎవరికి అన్నది ఏ చట్టమూ నిర్ణయించదు. ప్రతి ఉదయం హబ్‌లో నిలబడిన ఒక మనిషి మనస్సాక్షే దానిని నిర్ణయించాలి.

ఆ యువకుల మాటలు విని మాకు కోపం వచ్చింది. వెంటనే ఎవరినో నిందించాలని అనిపించింది. కానీ సాద్ సూరాలో దావూద్ (అలై) వృత్తాంతం గుర్తుకు వచ్చింది. ఇద్దరు వ్యక్తులు ఆయన ప్రార్థనామందిరపు గోడ దాటి లోనికి వచ్చారు. వారిలో ఒకడు, తన సోదరునికి 99 గొర్రెలు ఉన్నాయనీ, తనకు ఉన్నది ఒక్కటేననీ, దానిని కూడా ఇచ్చివేయమని అతడు ఒత్తిడి చేస్తున్నాడనీ ఫిర్యాదు చేశాడు. దావూద్ (అలై) వెంటనే అది అన్యాయమని పలికి, కలిసి వ్యవహరించేవారిలో చాలామంది ఒకరిపై ఒకరు అతిక్రమిస్తూ ఉంటారని అన్నారు. అంతలోనే ఇది తనకు ఎదురైన పరీక్ష అని గ్రహించి, సాష్టాంగపడి క్షమాపణ వేడుకున్నారు. రెండవవాని మాట వినకముందే తీర్పు పలకడమే అక్కడ జరిగిన పొరపాటని కొందరు వ్యాఖ్యాతలు వివరించారు. ఆ ఘట్టం నుంచి మేము రెండు పాఠాలు తీసుకున్నాము. 99 ఉన్నవాని చూపు ఆ ఒక్కదాని మీదికి పోవడం మానవ నైజం, దానిని అదుపు చేయాలి. అన్యాయం ఎంత స్పష్టంగా కనిపించినా, రెండవపక్షం మాట వినాలి.

అందువల్ల మేము ఆ ఇన్‌ఛార్జ్‌ను పిలిపించాము. అతడూ మన సముదాయంలోనివాడే, నమాజు తప్పనివాడే. అతడు చెప్పినదీ వినండి. “హజ్రత్, తొమ్మిది గంటలకల్లా హబ్ ఖాళీ కావాలి. కాలేదంటే పైనుంచి ఫోన్ వస్తుంది. తలకు ఇన్ని అని కంప్యూటరే లెక్క కడుతుంది. కొత్తవాళ్లకు దూరపు రూట్లు ఇస్తే దారి తప్పి సగం వాపసు తెస్తారు. అందుకే తెలిసినవానికే మళ్లీ మళ్లీ ఇచ్చాను.” ఇంతవరకు అతని మాటలో నిజం ఉన్నది. అతనిపై కూడా భారం ఉన్నది, అది కూడా అన్యాయమైన భారమే కావచ్చు. ఆ తరువాత కొంతసేపు మౌనంగా ఉండి, తల వంచుకుని అతడే అన్నాడు: “నక్కలగుట్ట రూటులో ఉన్నది మా బావమరిది. ఇంట్లో మాట పడలేక ఇచ్చాను.”

అతడు ఈ మాట దాచి ఉండవచ్చు. దాచలేదు. అల్లాహ్ అతనికి మేలు చేయుగాక.

ఇప్పుడు ధర్మం ఏమంటున్నదో చూద్దాం.

మొదటి విషయం: సంఖ్య సమానమైనంత మాత్రాన భారం సమానం కాదు. ఒక కిలో దూది, ఒక కిలో ఇనుము త్రాసులో సమానమే. కానీ డెబ్బై పార్శిళ్లు, డెబ్బై పార్శిళ్లు సమానం కావు. వాటి వెనుక ఉన్న దూరం, మెట్లు, బరువు, ఎండ, పెట్రోలు కూడా తూకంలోకి రావాలి. మేము మదరసాలో చదువుకున్న రోజులలో ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) రచించిన ‘హిదాయా’ పాఠ్యగ్రంథంగా ఉండేది. ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన ఆ ధర్మశాస్త్ర గ్రంథంలో పంపకాలకు ‘కితాబుల్ ఖిస్మా’ అని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. ఉమ్మడి భూమిని, ఇంటిని పంచడానికి నియమించబడే మనిషికి మూడు లక్షణాలు ఉండాలని అందులో నేర్చుకున్నాము: అతడు న్యాయవంతుడు కావాలి, నమ్మదగినవాడు కావాలి, పంచే విద్య తెలిసినవాడు కావాలి. అతని వేతనం ప్రజాధనాగారం నుంచి ఇవ్వడం ఉత్తమమని కూడా చదివాము. పంచుకునేవారిలో ఎవరి వైపూ అతడు మొగ్గకుండా ఉండాలన్నదే దీని ఉద్దేశం. అతడు ముందుగా వాటాలను సరిసమానం చేయాలి, ఆ తరువాతనే చీటీలు వేయాలి. చౌడు నేల, నీళ్లున్న నేల ఒకే గజం కర్రతో కొలిచి చేతులు దులుపుకోవడం పంపకం కాదు. శరీఅత్ ఈ సూక్ష్మాన్ని భూమి విషయంలో పట్టించుకున్నప్పుడు, మనిషి ఒంటి శక్తి విషయంలో మనం పట్టించుకోకుండా ఎలా ఉండగలం?

రెండవ విషయం: నోరులేని జీవి భారం గురించి కూడా మహాప్రవక్త (సఅసం) ప్రశ్నించారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఒక సంఘటన ఉన్నది. వారు ఒక అన్సారీ సహచరుని తోటలోకి వెళ్లినప్పుడు అక్కడున్న ఒంటె వారిని చూసి మూలిగింది, దాని కళ్ల వెంట నీరు కారింది. వారు దాని తల నిమిరి, శాంతపరచి, దాని యజమాని ఎవరని విచారించారు. అతడు రాగానే, ఈ మూగజీవి విషయంలో అల్లాహ్‌కు భయపడవా అని నిలదీశారు. పస్తులు ఉంచుతూ ఎడతెగని చాకిరీ చేయిస్తున్నావని అది తమతో మొరపెట్టుకున్నదని చెప్పారు. ఒంటె మొర విన్న ప్రవక్తను అనుసరించే మనం, మాటలు వచ్చిన మనిషి మొర వినలేకపోతే ఏమని జవాబు చెప్పుకుంటాం? తమ చేతికింద ఉన్నవారిని సోదరులుగా చూడమనీ, వారికి మోయలేని పని చెప్పవద్దనీ, చెప్పవలసివస్తే తామూ ఒక చేయి వేయమనీ వారు ఉపదేశించినట్టు అబూ జర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ గ్రంథంలో ఉన్నది. ఆ చివరి షరతును గమనించండి. భారం పెంచక తప్పని రోజు ఉండవచ్చు. ఆ రోజు పంచేవాడు కుర్చీలో కూర్చుని ఉండరాదు.

మూడవ విషయం: పంచేవాడు తనకు మినహాయింపు ఉంచుకోరాదు. హిజ్రీ 2వ సంవత్సరంలో, అంటే 624లో, బద్ర్‌కు బయలుదేరినప్పుడు వాహనాలు తక్కువ. ముగ్గురికి ఒక ఒంటె చొప్పున వంతులు వేసుకున్నారు. మహాప్రవక్త (సఅసం), అలీ (రజి), అబూ లుబాబా (రజి) ఒక ఒంటెను పంచుకున్నారు. ప్రవక్త నడవవలసిన వంతు వచ్చినప్పుడు, తమరు ఎక్కే ఉండండి, మేము నడుస్తామని ఆ ఇద్దరూ కోరారు. నాకన్నా మీరు బలవంతులేమీ కారు, పుణ్యం అవసరం మీకెంత ఉన్నదో నాకూ అంతే ఉన్నది అనే భావంతో వారు జవాబిచ్చి నడిచారని ముస్నద్ అహ్మద్‌లో ఉన్నది. హిజ్రీ 5లో మదీనా రక్షణకు కందకం తవ్వినప్పుడు పదేసిమందికి 40 మూరల చొప్పున పని కేటాయించారని చరిత్రకారులు రాశారు. కొలిచి పంచారు, పంచిన తరువాత వారు స్వయంగా గునపం పట్టారు. కడుపు మీది చర్మం కనబడనంతగా మట్టి కప్పేవరకు వారు మట్టి మోసిన దృశ్యాన్ని సహచరులు వర్ణించారు.

నాలుగవ విషయం: బంధుప్రీతి. బషీర్ (రజి) అనే సహచరుడు తన కుమారులలో ఒక్కరికి మాత్రమే ఒక కానుక ఇచ్చి, దానికి సాక్షిగా ఉండమని ప్రవక్త (సఅసం)ను కోరారు. నీ బిడ్డలందరికీ ఇలాగే ఇచ్చావా అని వారు అడిగారు. లేదని తెలియగానే, అన్యాయానికి సాక్షిగా ఉండజాలనని నిరాకరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఈ ఉల్లేఖనంలో తండ్రి పంచినది తన సొంత సొమ్ము. అయినా వారు ఒప్పుకోలేదు. అటువంటప్పుడు తనది కాని పనిని, తనది కాని జీతాన్ని బావమరిదికి అనుకూలంగా పంచేవాని సంగతేమిటి?

సోదరులారా! మేము మీతో ఇంతవరకు చెప్పినదానిలో మాకూ వాటా ఉన్నది. అది రెండవ ఖుత్బాలో చెబుతాము. అల్లాహ్ మనందరినీ క్షమించుగాక.

రెండవ ఖుత్బా

స్తుతి అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు కలుగుగాక.

ధార్మిక సోదరులారా! ఆ యువకులు వచ్చి వెళ్లిన రాత్రి మాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇన్‌ఛార్జ్ పొరపాటును తలచుకుంటూ పడుకున్న మాకు, మన మస్జిద్ మౌజన్ సాబ్ గుర్తుకు వచ్చారు. అయిదు పూటలా అజాన్ ఆయనే ఇస్తారు. ఊడ్చేది ఆయనే, వుజూఖానా కడిగేది ఆయనే, మోటారు వేసి ట్యాంకు నింపేది ఆయనే. అసర్ తరువాత పిల్లలకు ఖాయిదా చెప్పేది ఆయనే. కమిటీవారి ఫోన్లకు జవాబిచ్చేదీ ఆయనే. ఇవన్నీ ఆయన నియామకం నాడు చెప్పిన పనులు కావు. ఒక్కొక్కటిగా ఆయనపైకి చేరాయి. వాటిలో సగం చేర్చినవారం మేమే. ఎందుకు చేర్చామని మమ్మల్ని మేము ప్రశ్నించుకుంటే ఒక్కటే జవాబు దొరికింది: ఆయన ఎన్నడూ కాదనలేదు. కాదనని మనిషిపై మోపడం సులభం. హబ్‌లో జరిగినదీ ఇదే, మస్జిద్‌లో జరిగినదీ ఇదే.

మా మదరసా రోజుల సంగతి ఒకటి చెప్పాలి. వంటశాలకు బావి నుంచి నీళ్లు తోడే వంతులను ఒక పెద్ద విద్యార్థి నిర్ణయించేవాడు. చలికాలపు తెల్లవారుజాము వంతు ఎప్పుడూ దూరపు పల్లె నుంచి వచ్చిన ఒక బక్కపిల్లవానికే పడేది. ఈ సంగతి మా ఉస్తాద్ గారికి తెలిసింది. ఆయన ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క నియమం పెట్టారు: వంతులు రాసేవాడు రాయవచ్చు, కానీ అందరూ ఏరుకున్న తరువాత మిగిలినదే అతని వంతు. మర్నాటి నుంచి వంతులన్నీ వాటంతట అవే సమానమైపోయాయి. చివరి వాటా తనదే అని తెలిసినవాని చేయి త్రాసును నొక్కదు. నలభై ఏళ్లు గడిచినా ఆ నియమం మాకు గుర్తున్నది. కానీ మన మౌజన్ సాబ్ విషయంలో గుర్తుకు రాలేదు. అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక.

గత ఆదివారం కమిటీ కూర్చుని మస్జిద్ పనులన్నీ కాగితం మీద రాసింది. అజాన్, పిల్లల చదువు మౌజన్ సాబ్‌కు ఉంచి, మిగతా పనులకు చీటీలు వేశాము. పంచినవారం మేమే కనుక చివరి చీటీ మాది. అందులో శుక్రవారం ఉదయం వుజూఖానా శుభ్రం చేసే పని వచ్చింది. ఈ రోజు అది చేసి వచ్చే మీ ముందు నిలబడ్డాము.

చీటీలు వేయడం కొత్త విషయం కాదు. ప్రయాణంలో తమ వెంట ఏ భార్య రావాలన్నది మహాప్రవక్త (సఅసం) చీటీల ద్వారా నిర్ణయించేవారని ఆయిషా (రజి) తెలిపారు. మర్యమ్ (అలై) సంరక్షణ ఎవరు చేపట్టాలన్నది కలాలు వేసి తేల్చుకున్న వైనం ఆలి ఇమ్రాన్ సూరాలో ఉన్నది. సరిసమానం చేసిన వాటాలపై చీటీ వేసినప్పుడు ఎవరి మనసులోనూ అనుమానం మిగలదు.

ఆ ఇన్‌ఛార్జ్‌కు కూడా మేము ఇదే సలహా ఇచ్చాము. దూరపు రూట్లలో సంఖ్య తగ్గించమన్నాము. బరువైన వాటిని అందరికీ వంతుగా వేయమన్నాము. వారానికోసారి రూట్లు మార్చమనీ, మార్చేటప్పుడు చీటీ వేయమనీ, తన బావమరిది చీటీ అందరికన్నా చివర తీయమనీ చెప్పాము. సంఖ్య తగ్గించడం తన చేతిలో పూర్తిగా లేదని అతడు చెప్పాడు; తన చేతిలో ఉన్నంత చేస్తానన్నాడు. మూడు వారాలుగా చేస్తున్నాడు. బావమరిది అతనితో మాట్లాడటం మానేశాడని తెలిసింది. న్యాయానికి ఇటువంటి మూల్యం చెల్లించవలసి వస్తుంది. మనం అతనికి అండగా ఉండాలి.

ఇక మీలో ఒక్కొక్కరికీ కొన్ని మాటలు.

పని పంచే బాధ్యతలో ఉన్నవారలారా! తీర్పులోనూ, ఇంటివారి విషయంలోనూ, తమ చేతికింద ఉన్నవాటి విషయంలోనూ న్యాయం పాటించేవారు ప్రళయదినాన కాంతి వేదికలపై ఉంటారని ముస్లిం గ్రంథంలోని హదీసు శుభవార్త ఇస్తున్నది. మీరు చిన్న ఉద్యోగులమని అనుకోవద్దు; ఈ శుభవార్తలో మీకూ వాటా ఉన్నది. కంప్యూటర్ పంచిందని చెప్పి తప్పించుకోవద్దు. యంత్రానికి సంకల్పం లేదు, పరలోకంలో దానికి విచారణ లేదు. ఆ యంత్రం ముందు కూర్చున్న మనిషికీ, దానికి లెక్క నేర్పిన మనిషికీ విచారణ ఉన్నది. నమాజులు, ఉపవాసాలు మూటగట్టుకుని వచ్చి, తాను బాధించినవారికి వాటినన్నిటినీ పంచి ఇచ్చి, చివరకు వారి పాపాలను నెత్తికెత్తుకునే దివాళాకోరు గురించి మహాప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఆ వరుసలో మనం నిలబడవద్దు.

సులభమైన వాటా దక్కినవారలారా! అన్యాయం మేము చేయలేదు కదా అనుకోవద్దు. సోదరుడు పీడితుడైనా పీడకుడైనా అతనికి సహాయం చేయాలని, పీడకుని చేయి ఆపడమే అతనికి చేసే సహాయమని ప్రవక్త (సఅసం) బోధించారు. నీ తేలిక వెనుక మరొకని బరువు ఉన్నదని తెలిసిన రోజు, ఒక్క వారమైనా ఆ రూటు నేను తీసుకుంటానని నీవే ముందుకు రా. మన ఎనుమాముల హమాలీలను చూడండి. ముఠాగా బస్తాలు మోస్తారు, వచ్చిన కూలిని ముఠాగా పంచుకుంటారు. పెద్ద చదువులు లేని ఆ అన్నదమ్ములకు తెలిసిన నీతి మనకు తెలియకపోతే సిగ్గుచేటు.

భారం మోస్తున్న యువకులారా! మీ మొరకూ అల్లాహ్‌కూ మధ్య తెర లేదు. మౌనంగా ఉండమని మేము చెప్పము. మర్యాదగా, నలుగురూ కలిసి, రాతపూర్వకంగా అడగండి. తిరిగిన కిలోమీటర్లు రోజూ రాసి పెట్టుకోండి. లెక్క ఉన్న మాటకు బలం ఉంటుంది. అయితే ఒక విషయంలో మిమ్మల్ని హెచ్చరించవలసి ఉన్నది. ఇంటికి వెళ్లకుండానే తలుపు తాళం వేసి ఉన్నదని ఫోనులో నమోదు చేయడం కొందరికి అలవాటైంది. అది అబద్ధం, దాని వల్ల నష్టపోయేది మీకు అన్యాయం చేసినవాడు కాదు, ఆ వస్తువు కోసం ఎదురుచూస్తున్న మరొక మనిషి. మీ హక్కును అడగడానికి మీ నిజాయితీయే మీ సాక్షి. దానిని పోగొట్టుకోవద్దు. వానలో, చీకటిలో బండి నడపలేని స్థితి వస్తే ఆపివేయండి. మీ ప్రాణం ఏ పార్శిల్ కన్నా విలువైనది.

పార్శిళ్లు తెప్పించుకునే మనమందరం కూడా కొంచెం ఆలోచించాలి. లిఫ్టు లేని నాలుగవ అంతస్తు నుంచి ఒక్క కేక వేసి, ఎండలో అతనిని పైకి రప్పించనక్కరలేదు. ఫోన్ రాగానే ఎత్తడం, ఓటీపీ, చిల్లర సిద్ధంగా ఉంచుకోవడం, కాళ్లు ఆడేవారు రెండు మెట్లు దిగడం, ఒక గ్లాసు చల్లని నీళ్లు ఇవ్వడం పెద్ద పనులు కావు. మస్జిద్ గేటు దగ్గర ఈ వేసవి నుంచి నీళ్ల కుండలు ఉంచుతున్నాము. అవి ఏ మతం వారికైనా, ఏ కంపెనీ సంచి మోసేవారికైనా. భుజం విరిగిన సోదరుని కుటుంబానికి బైతుల్ మాల్ నుంచి మూడు నెలల సరుకులు వెళుతున్నాయి. చేయగలిగినవారు కార్యదర్శి గారిని కలవండి.

చివరగా ఒక్క మాట. ప్రతి శుక్రవారం ఈ రెండవ ఖుత్బా ముగింపులో అన్నహ్ల్ సూరాలోని 90వ వాక్యం చదవడం ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) కాలం నుంచి వస్తున్న ఆచారం. న్యాయం చేయమనీ, మేలు చేయమనీ, బంధువులకు ఇవ్వమనీ అల్లాహ్ అందులో ఆదేశిస్తున్నాడు. మనలో చాలామందికి అది నమాజు మొదలవుతుందన్న గుర్తుగా మిగిలిపోయింది. ఈ రోజు దాని క్రమాన్ని గమనించండి: న్యాయం ముందు ఉన్నది, బంధువులు తరువాత ఉన్నారు. బంధువులకు ఇవ్వండి, మనసారా ఇవ్వండి, కానీ మీ జేబులో నుంచి ఇవ్వండి. వేరొకని చెమటలో నుంచి తీసి ఇచ్చినది దానం కాదు.

ఓ అల్లాహ్! మాకు అప్పగించిన త్రాసులను నిటారుగా పట్టుకునే శక్తినివ్వు. మా చేతికింద ఉన్నవారిపై మేము తెలిసి మోపిన భారాలనూ, తెలియక మోపిన భారాలనూ క్షమించు, వాటిని దించే బుద్ధిని ప్రసాదించు. దారుల వెంట జీవనోపాధి వెతుక్కునే మా బిడ్డలను, అన్ని మతాల బిడ్డలను, ఎండ నుంచి, వాన నుంచి, ప్రమాదాల నుంచి కాపాడి, చీకటి పడకముందే వారిని వారి తల్లుల వద్దకు చేర్చు. గాయపడినవారికి స్వస్థత ప్రసాదించు. న్యాయం చేయబోయి అయినవారికి దూరమైన నీ దాసుని ఇంటిలో తిరిగి సామరస్యం కలిగించు. ఆమీన్.

లేవండి, నమాజు కొరకు వరుసలు సరిచేసుకోండి. భుజాలు కలపండి.